ఆదివారం వాటర్‌ఫాల్

నా వృత్తే అనుమానం. అమీర్‌పేటలో లిఫ్టు లేని బిల్డింగులో, మూడో అంతస్తు ఎక్కి వచ్చే పిల్లలకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్పుతాను. ఎవరో రాసిన ప్రోగ్రాములో తప్పుందని ముందే నమ్మి, అది దొరికేదాకా వెతకడమే ఆ విద్య. బాగా పనిచేస్తోందని ఎవరైనా అంటే నమ్మకండి అన్నది నా మొదటి పాఠం. ఏడేళ్ళు అదే చెప్పి చెప్పి ఆ గుణం నాకు ఒంటబట్టేసింది. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే రెండు ముద్దలు తిని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ ఒక ముద్ద తిని చెబుతానని మా ఆవిడ మంజూష ఎత్తిపొడుస్తూ ఉంటుంది. చూడకుండా ఎలా చెప్పమంటారు?

ఇది రెండు వేల ఆరు, ఆగస్టు నెల సంగతి. అప్పట్లో అమీర్‌పేటలో గోడన్నది కనిపించేది కాదు, అన్నీ ఇన్‌స్టిట్యూట్ల బోర్డులే. ఒకరి దగ్గర పనిచేసిన కుర్రాడు ఆర్నెల్లు తిరక్కుండా పక్క సందులో సొంత బోర్డు పెట్టేవాడు, సగం బ్యాచ్‌ని వెంట తీసుకుపోయి మరీ. నా దగ్గర నుంచి అలా ఇద్దరు పోయారు. మిగిలినవాడు విజయేందర్.

విజయేందర్‌ది ఆదిలాబాద్ వైపు గుట్టల్లో పల్లె. అయిదేళ్ళ కిందట నా దగ్గర చదువుకుని, నా దగ్గరే ఉండిపోయాడు. పిల్లలకి నేను 'సార్'ని, అతను 'అన్న'. నేను తప్పు చూపిస్తే పిల్లలు తలవంచుకునేవారు, అతను చూపిస్తే నవ్వేవారు. ఆ ఏడు వేసవిలో నా గొంతు పాడైంది. స్వరపేటికలో కాయలు లేచాయని, రోజుకి రెండు గంటలకి మించి మాట్లాడకూడదని పంజాగుట్ట డాక్టరు గట్టిగా చెప్పాడు. అప్పటి నుంచి సాయంత్రం బ్యాచ్ మొత్తం విజయేందరే చూసుకుంటున్నాడు. ఉన్నమాట చెప్పాలంటే, అతను వెళ్ళిపోతే నేను బోర్డు దించుకోవాల్సిందే. ఆ సంగతి నాకు తెలుసు. అతనికీ తెలుసేమోనన్నది నా అనుమానం.

శుక్రవారం పొద్దున ల్యాబ్‌లోకి అడుగు పెట్టగానే మాటలు ఠక్కున ఆగిపోయాయి. ముందు వరసలో కూర్చునే పింకీ గొంతు మాత్రం ఆఖరున వినిపించింది, "సార్‌కు జెప్పకుండ్రి" అని. నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. క్లాసయ్యాక జిరాక్స్ మిషన్ మూత ఎత్తి చూస్తే అద్దం మీద ఒక కాగితం మరిచిపోయి ఉంది. 'ఆదివారం వాటర్‌ఫాల్. పొద్దున అయిదున్నర, పంజాగుట్ట. అందరూ రెండు సెట్లు తెచ్చుకోవాలి. అన్న చెప్పినట్టు వినాలి.' కింద ఇరవై రెండు పేర్లు. ఇరవై రెండూ నా బ్యాచ్ పిల్లలవే. అందులో పదకొండు మంది ఆదివారం నేను పెట్టే మాక్ ఇంటర్వ్యూకి రాలేమని అప్పటికే చెప్పి ఉన్నారు. అందరికీ జ్వరమేనట, అదీ ముందుగా చెప్పి వచ్చే జ్వరం.

వాటర్‌ఫాల్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెబుతాను. సాఫ్ట్‌వేర్ తయారుచేసే పద్ధతుల్లో అదొకటి. ఒక దశ పూర్తయ్యాకే కింది దశకి దిగాలి. టెస్టింగ్ నేర్పే ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనైనా కొత్తవాళ్ళని లాగడానికి పెట్టే ఫ్రీ డెమో క్లాసులో మొట్టమొదట చెప్పేది ఇదే. అమీర్‌పేటలో వాటర్‌ఫాల్ అన్న మాట విని నీళ్ళు గుర్తొచ్చినవాణ్ణి నేను చూడలేదు.

కాబట్టి నాకు అంతా అర్థమైపోయింది. పంజాగుట్టలో విజయేందర్ సొంత ఇన్‌స్టిట్యూట్ తెరుస్తున్నాడు. ఆదివారం డెమో. అయిదున్నర ఎందుకంటే, ఆఫీసులకి పోయేవాళ్ళని పట్టాలంటే కొత్త దుకాణాలన్నీ చీకటితోనే తెరుచుకుంటాయి. రెండు సెట్లంటే రెజ్యూమేలు, ఒకటి తనకి, ఒకటి ఏ కంపెనీవాడికో. ఒక్క ముక్క కూడా తేడా రాలేదు. నా ఒళ్ళు మండిపోయింది.

శనివారం అతన్ని పిలిచి, ఆదివారం ఏం చేస్తున్నావని మామూలుగా అడిగినట్టు అడిగాను. ఊరికి పోతున్నానని, వాళ్ళమ్మని చూసి వస్తానని చెప్పాడు. నా కళ్ళలోకి చూసి మరీ చెప్పాడు. అంత నేర్పుగా అబద్ధమాడడం ఎప్పుడు నేర్చుకున్నాడా అనిపించింది. ల్యాబ్ తాళం మార్పిస్తున్నానని వంక చెప్పి తాళంచెవి తీసేసుకున్నాను. మారు మాట్లాడకుండా తీసి ఇచ్చాడు. ఎస్సార్ నగర్‌లో పాఠాలు చెప్పే వీరవెంకటసత్యనారాయణకి ఫోన్ చేసి సోమవారం నుంచి సాయంత్రం బ్యాచ్‌కి రమ్మన్నాను. మెట్ల దగ్గరున్న టైంటేబుల్ బోర్డు మీద విజయేందర్ పేరు తుడిచి ఆ పేరు రాశాను. ఒక వరసలో పట్టక రెండో వరసలోకి దిగింది.

ఆదివారం అయిదింటికల్లా పంజాగుట్ట చౌరస్తాలో చాయ్ బండి వెనక నిలబడ్డాను. సన్నగా తుంపర పడుతోంది. ఒక్కొక్కరే ఆటోలు దిగుతున్నారు. జ్వరాలవాళ్ళు అందరికంటే ముందే వచ్చారు. ఒక మినీ బస్సు వచ్చి ఆగింది. అందులోంచి విజయేందర్ దిగి పేర్లు చదవడం మొదలుపెట్టాడు. డెమోకి బస్సు కూడానా, అయితే ఇది పంజాగుట్ట కాదు, మాదాపూర్ వ్యవహారం అనుకున్నాను. రోడ్డు దాటి సరాసరి వెళ్ళి బస్సెక్కాను.

"నేనూ వస్తాను. మీ వాటర్‌ఫాల్ ఏంటో నేనూ చూస్తాను" అన్నాను.

బస్సంతా చప్పబడిపోయింది. విజయేందర్ నా వైపు ఒక్క నిమిషం చూసి, ముందు సీటు ఖాళీ చేయించాడు. తప్పుచేసినవాడు ఇంకేం చేస్తాడులే అనుకున్నాను.

బస్సు మాదాపూర్ వైపు తిరగలేదు. బాలానగర్ దాటింది, బోయినపల్లి దాటింది, మేడ్చల్ కూడా దాటింది. నా లెక్కలో మేడ్చల్ లేదు. పక్కన బిక్కచచ్చి కూర్చున్న పింకీని, వాటర్‌ఫాల్ ఎవరు చెబుతున్నారని అడిగాను.

"చెప్పుడేంది సార్, చూసుడే గద" అంది ఆ పిల్ల. వానలకి గుట్టల్లో నీళ్ళు మస్తు దుముకుతున్నాయని, అన్న వాళ్ళ ఊరి పక్కనే అని, అడవిలో మూడు కిలోమీటర్లు నడిచి ఎక్కాలని ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. రెండు సెట్లు ఎందుకని అడిగాను. "తడుస్తం గద సార్. ఇంకో జత బట్టలు."

నాకెందుకు చెప్పలేదని అడిగితే కాసేపు నసిగింది. చెబితే ఆదివారం మాక్ ఇంటర్వ్యూ ఎగ్గొట్టినందుకు తిడతానని కొందరన్నారట. వెంట వస్తే జలపాతంలో కూడా తప్పులు వెతుకుతానని కొందరన్నారట. ఆ రెండోది ఎవరన్నారో చెప్పలేదు, నేనూ అడగలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. అంతకంటే ఎక్కువగా, చెప్పలేనంత సంతోషం వేసింది. విజయేందర్ ఎక్కడికీ పోవడం లేదు.

నిర్మల్ ఘాట్ దాటాక ఒక పల్లె దగ్గర బస్సు ఆగింది. టేకు చెట్ల మధ్య దారి ఎక్కడం మొదలైంది. అందరూ బూట్లో, రబ్బరు చెప్పులో తెచ్చుకున్నారు, నావి మాత్రం ఆఫీసు షూలు. పదడుగులకి ఒకసారి జారుతున్నాను. విజయేందర్ వెనక్కి వచ్చి ఒక కర్ర విరిచి ఇచ్చాడు. వాగు దాటే చోట చెయ్యి పట్టుకున్నాడు. "జర పైలం సార్, గీ రాళ్ళకు పాకురుంటది" అన్నాడు. నా బరువంతా అతని మీద వేసి దాటాను. ఆయాసంతో పాటు దారంతా నా మనసులో ఒకటే తిరుగుతోంది. దిగగానే సత్యనారాయణకి ఫోన్ చేసి రావద్దని చెప్పాలి. పొద్దున్నే వెళ్ళి బోర్డు తుడిచెయ్యాలి. ఇతనికి ఏమీ తెలియకముందే అంతా సర్దెయ్యాలి.

మలుపు తిరగ్గానే నీళ్ళు కనిపించాయి. మూడు తాటిచెట్ల ఎత్తు నుంచి, ఎర్రమట్టి కలిసి, చాయ్ రంగులో పడుతున్నాయి. పిల్లలు కేకలు వేసుకుంటూ బట్టలతోనే దిగారు. పింకీ భయపడుతూ మోకాలి లోతులో నిలబడి ఏడ్చినంత పనిచేసి నవ్వుతోంది. నా క్లాసులో ఆ పిల్ల పళ్ళు నేనెప్పుడూ చూడలేదు.

ఒడ్డున బండ మీద విజయేందర్ తల్లి చంద్రమ్మ కూర్చుని ఉంది. అందరికీ జొన్నరొట్టెలు, పచ్చిమిర్చి తొక్కు మూటగట్టి తెచ్చింది. నన్ను చూసి లేచి నిలబడింది. నా గొంతు ఎలా ఉందని అడిగింది. మిరియాల పాలు తాగమంది. పట్నంలో ఎవరో ఎక్కువ జీతమిస్తామని రెండుసార్లు పిలిచారట. సార్‌కి గొంతు పోయింది, ఇప్పుడు వదిలేస్తే పాపమని వీడు పోలేదట. ఆమె ఆ మాట నన్ను మెచ్చుకోమని చెప్పలేదు. రొట్టె మీద తొక్కు వేస్తూ మామూలుగా చెప్పింది. నేను రొట్టె పక్కన పెట్టేశాను.

విజయేందర్ కొంచెం అవతల, పిల్లలు లోతుకి పోకుండా కాపలా కాస్తూ నిలబడ్డాడు. లేచి వెళ్ళి అతని పక్కన నిలబడ్డాను. తాళం మార్పించలేదని, చెవి రేపే ఇచ్చేస్తానని అన్నాను.

"బోర్డు చూసిన సార్" అన్నాడు. శనివారం సాయంత్రం క్లాసు చెప్పి పోతూ మెట్ల దగ్గర చూశాడట.

జరిగిందంతా చెప్పేశాను. కాగితం, డెమో, రెజ్యూమేలు, అన్నీ. చెబుతుంటే నాకే నవ్వొచ్చేలా ఉంది, అతనూ నవ్వుతాడని ఆశపడ్డాను. రెండు సెట్ల దగ్గర కొంచెం నవ్వాడు కూడా. క్షమించమని అడిగాను. నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాణ్ణి నోరు తెరిచి అడిగాను. "నీ పేరు రేపు పొద్దున్నే మళ్ళీ రాసేస్తాను, విజయేందర్" అన్నాను.

"వద్దు సార్. గా పిలిచినోళ్ళకు రాత్రే ఫోన్ జేసి వస్తనని చెప్పిన."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. పిల్లల వైపు నుంచి చూపు తిప్పకుండానే మళ్ళీ అన్నాడు.

"నేను పోతనని మీకే ముందు తెల్సింది సార్. నాకు రాత్రి తెల్సింది."