అందరికీ మొలలే

ఇనుప చువ్వల కట్ట గాలిలో వేలాడుతోంది. దాన్ని దించాల్సిన క్రేన్ ఆపరేటర్‌కి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి.

కట్ట నీడ పడుతున్న చోట కాంక్రీటు పోసేవాళ్ళు తలెత్తకుండా పని చేసుకుంటున్నారు. పైన క్యాబిన్‌లో అతను పొద్దుట్నుంచీ ఒక పక్కకే ఒరిగి కూర్చున్నాడు. మలద్వారం పక్కన, పాత ఆపరేషన్ మచ్చ దగ్గర, గట్టిగా గడ్డ లేచింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా అక్కడా కొట్టుకుంటోంది. ఒళ్ళు కాలిపోతోంది. చెమటకి చేతుల్లో లివర్లు జారుతున్నాయి.

వాకీటాకీ గరగరలాడింది. కింద నుంచి సిగ్నల్ ఇచ్చేది అతని బావమరిది.

"ఏంటి బావా, కట్టని ఊయల ఊపుతున్నావ్? జోలపాట కూడా పాడమంటావా?"

"కింద వాళ్ళని తప్పించు."

"ఏమైంది?"

"ముందు తప్పించరా."

ఆ గొంతు విన్నాక బావమరిది వెంటనే విజిల్ వేశాడు. మనుషులు చెల్లాచెదురయ్యారు. అతను పళ్ళు బిగించి కట్టని దించుతూ వచ్చాడు. ఇంకాస్తలో నేల తాకుతుందనగా గడ్డలో ఎవరో స్క్రూ తిప్పినట్టయింది. చెయ్యి ఎగిరిపడింది. కట్ట ఒక్కసారిగా కూలింది. చెక్కలు విరిగిన చప్పుడు క్యాబిన్ దాకా వచ్చింది.

కింద ఎవరూ లేరు. ఆ మాట బావమరిది చెప్పేదాకా అతను ఊపిరి తీసుకోలేదు.

నిచ్చెన దిగే ముందు సీటు కింద దాచిన సంచిని చొక్కాలో దోపుకున్నాడు. అందులో ఒక ప్యాంటు, మడతపెట్టిన పాత గుడ్డలు. అవి ఉన్నాయని ఎవరికీ తెలియదని అతని నమ్మకం. పాత ఆపరేషన్ గాయం మానింది కానీ పట్టు మునుపటిలా లేదు. గాలి ఆగదు. కడుపు బాగోలేని రోజు మరక అవుతుంది. అలాంటి రోజున అంత ఎత్తున ఒంటరిగా కూర్చునే ఉద్యోగం అతనికి వరంలా అనిపించేది.

అప్పటి డాక్టర్ మాట మెట్టు మెట్టుకీ చెవిలో మోగింది. "చీము లోపల్నుంచి బయటికి సొరంగంలా దారి చేసుకుంది బాబూ. దాన్ని చీల్చి తెరిచాం. తెరవాలంటే మలాన్ని పట్టి ఉంచే కండరంలో కొంత కోయక తప్పలేదు. ఇది కొందరికి మళ్ళీ వస్తుంది. వస్తే, ఎవరు చూసినా ఈ సంగతి ముందు చెప్పు. తెలియక మళ్ళీ కోశారో, ఇక పట్టు ఉండదు."

ఆ గదిలోంచి బయటికి రాగానే అమ్మ తీర్మానించేసింది. "ఆ పేరు ఎవరూ పలకొద్దు. మొలలని చెప్దాం. మొలలంటే ఓ నవ్వు నవ్వి, నీళ్ళు బాగా తాగమని చెప్పి పోతారు. ఆ పేరు చెప్తే నీకు పిల్లనెవరిస్తారు?"

పెళ్ళయింది. అమ్మ పోయింది. మొలలు మాత్రం అలాగే మిగిలాయి.

ఆస్పత్రిలో సర్జన్ చేతివేళ్ళు చల్లగా ఉన్నాయి. పొడవాటి మనిషి. ఆగి ఆగి మాట్లాడతాడు.

"ఇక్కడ పాత మచ్చ ఉందే. దేనికి?"

అతను నోరు తెరిచేలోపే తలవైపు నిలబడ్డ బావమరిది అందుకున్నాడు. "మొలలు సార్. పెళ్ళికి ముందే చేయించుకున్నాడు. మా ఇంట్లో అందరికీ తెలుసు."

"మొలలేనా?" సర్జన్ అతని మొహంలోకి చూశాడు. "ఎందుకడుగుతున్నానంటే, కండరం ముట్టుకోని ఆపరేషన్ అయితే నా పని తేలిక. చీము తీసి, అది చేసుకున్న దారి దొరికితే అక్కడికక్కడే చీల్చేస్తాను. కండరం ముందే కోసి ఉంటే మాత్రం చీల్చను. చీము తీసి, మిగిలింది కారిపోయేలా ఆ దారిలో ఒక దారం వేసి ఆగుతాను. తర్వాత స్కాన్ చేసుకుని నిదానంగా ఆలోచిస్తాను. ఏది?"

అతను బావమరిది వైపు చూశాడు. వాడు మంచివాడే. కానీ వాడి చెవిలో పడితే సైటంతా పడినట్టే. రేపటికల్లా తనకో కొత్త పేరు పుడుతుంది. వాకీటాకీలో ఆ పేరుతోనే పిలుస్తారు.

"మొలలే," అన్నాడు.

సర్జన్ తలూపి వెళ్ళిపోయాడు. కాసేపటికి స్ట్రెచర్ కదిలింది.

వరండా పైకప్పు లైట్లు ఒకదాని వెనక ఒకటి మీదుగా పోతున్నాయి. పట్టు లేని బతుకు కళ్ళముందు కదిలింది. మంచం. నిచ్చెన ఎక్కలేని కాళ్ళు. కూతురు తన పక్కన కూర్చోవడానికి వెనకాడటం. చెప్పెయ్యాలి. కానీ పక్కనే బావమరిది హుషారుగా నడుస్తున్నాడు.

"భయపడకు బావా. మొలలకి ఎవరైనా పోయారా?"

థియేటర్ తలుపు తెరుచుకుంది. ఆకుపచ్చ గౌనులో సర్జన్ లోపల చేతులు కడుక్కుంటున్నాడు. అతను చెయ్యెత్తబోయాడు. నర్సు దాన్ని మెల్లగా దుప్పటి కిందికి తోసింది.

"ఆపండి."

భార్య. మెడలో కుట్టుపని టేపు అలాగే ఉంది, తమ్ముడి ఫోన్ అందగానే షాపు నుంచి ఉన్నపళాన పరిగెత్తుకొచ్చినట్టుంది. స్ట్రెచర్ కమ్మీ రెండు చేతులా పట్టుకుంది.

"డాక్టరు గారికి ఏం చెప్పార్రా?" తమ్ముణ్ణి అడిగింది.

"మొలలని చెప్పానక్కా. ఎందుకూ?"

"ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

"అందరికీ తెలిసిందేగా."

"నీకేం తెలుసు? నోరు మూసుకో." సర్జన్ వైపు తిరిగింది. "ఆయనకి అప్పుడు ఆపరేషన్ అయింది మొలలకి కాదండీ."

సర్జన్ కుళాయి కట్టేసి, తడి చేతులతోనే గుమ్మం దాకా వచ్చాడు.

అతను భార్య మొహంలోకి చూశాడు. "నీకు..."

"అత్తయ్య పెళ్ళయిన ఏడాదే చెప్పింది. మీకు తెలియనివ్వొద్దని ఒట్టేయించుకుంది." ఆమె కమ్మీ మీదికి వంగింది. "అయినా బట్టలు ఉతికేది నేను కాదా? మీరు ఇంటికి తెచ్చి దాచే ఆ సంచిలో గుడ్డలు ఎప్పుడూ శుభ్రంగా ఎలా ఉంటాయనుకున్నారు?"

బావమరిది ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"మరి దేనికి కోశారు?" సర్జన్ అడిగాడు. "పేరు కావాలి నాకు."

"మీరే చెప్పండి," అంది భార్య, కమ్మీ వదలకుండా. "పోతే పోయేది మీ కండరం."

నర్సు ఉంది. బావమరిది ఉన్నాడు. అతను పెదాలు తడుపుకున్నాడు.

"భగందరం," అన్నాడు. మరీ మెల్లగా వచ్చిందనిపించి మళ్ళీ, వరండా అంతా వినపడేలా అన్నాడు. "భగందరం, డాక్టరు గారూ. ఫిస్టులా. కండరం కోశారు."