పని చేసినవారు

మునిసిపాలిటీ ఆఫీసు గోడకు కట్టిన ఫ్లెక్సీలో వీరలక్ష్మి ఫొటో నిలువెత్తున ఉంది. స్క్రూడ్రైవరు మొన మోటారుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటూ ఉంటుంది. పైన ‘నేర్చుకో, నిలబడు’ అని ఎర్రటి అక్షరాలు. ఏ మునిసిపాలిటీ అంటారా? పేరెందుకు లెండి, ఇలాంటి ఫ్లెక్సీ లేని ఊరేదీ నాకు కనిపించలేదు.

కొల్లేటి లంకలో పుట్టిన పిల్ల. నాన్న ముత్యాలరావు చేపల చెరువు కాపలా. ఏరేటరు ఆగిపోతే నీళ్ళలో గాలాడక చేపలు పైకి తేలిపోతాయి కనుక, ఆ మోటారు చప్పుడులో తేడా పసిగట్టడం ఆమెకు ఉగ్గుపాలతో అబ్బింది. ఏలూరులో ఐ.టి.ఐ. ప్యాసయ్యాక మునిసిపాలిటీ వాళ్ళు ఆమెను మంచినీళ్ళ పంపుహౌసులో ఏడాది అప్రెంటిసుగా వేశారు. ఏడాది చివర ఒక ఆపరేటరు పోస్టుందనీ, ఇక్కడ పని నేర్చుకున్నవాళ్ళకే మొదటి అవకాశమనీ కౌన్సిల్లో తీర్మానం చేసి మరీ చప్పట్లు కొట్టుకున్నారు. ఆ ఒక్క పోస్టు కోసమే వీరలక్ష్మి రోజూ రెండు బస్సులు మారి వచ్చేది.

పని నేర్పాల్సిన మనిషి తాతారావు, పర్మనెంటు ఫిట్టరు. ఏడాదిలో రిటైరవుతాడు. మాట వెన్న. వంగితే నడుము పట్టేస్తుందని కుర్చీ దిగేవాడు కాదు. రెండో మోటారు బేరింగు వీరలక్ష్మి ఒక్కతే మార్చిన రోజున, మరమ్మతుల రిజిస్టరు ఆమె ముందుకు జరిపాడు.

“నా రాత కోడి కెలికినట్టుంటుందమ్మా. నువ్వే రాసెయ్యి.”

‘పని చేసినవారు’ అన్న గడి దగ్గర ఆమె పెన్ను ఆగింది. ఇంట్లో నేర్చుకున్న మర్యాద ఒకటుంది. గట్టు మీద మోటారు ఎవరు బాగుచేశారని అడిగితే నాన్న ఏనాడూ తన పేరు చెప్పుకోలేదు. “పెద్దాయనేనండి” అంటూ చెరువు రైతు వైపు చూపించేవాడు. పెద్దవాళ్ళు ఎదురుగా ఉండగా మన పేరు మనం చెప్పుకోవడం వాళ్ళింట్లో ఎబ్బెట్టు. అందుకే గుండ్రటి అక్షరాలతో ‘శ్రీ తాతారావు గారు’ అని రాసింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదువుకున్నాడు. అప్పుడైనా వద్దనాల్సింది. అనలేదు. ఇక ఏడాది పొడుగునా, చేసిన ప్రతి పనికీ ఆమె అలాగే రాసింది.

ఇంటర్వ్యూ రోజున ఇంజనీరు చంద్రకళ గారు ఆ రిజిస్టరు మొదటి నుంచి చివరిదాకా తిరగేశారు.

“నీ పేరు ఒక్కచోట కూడా లేదేమ్మా?”

“పని నేనే చేశానండి మేడమ్. ఆ రాత కూడా నాదేనండి.”

“రాత ముత్యాల్లా ఉందమ్మా. కానీ పని ఎవరు చేశారన్నది కదా మేం చూసుకోవాలి.” ఆవిడ పక్కకు తిరిగారు. “మీరు చెప్పండి తాతారావు గారూ.”

వీరలక్ష్మి ఆయన వైపు తిరిగింది. ఈయన నోట ఒక్క మాట వస్తే చాలు.

తాతారావు నేల చూపులు చూశాడు. “అమ్మాయి బంగారమండి. చాలా వినయమండి. ఏ పని చెప్పినా కాదనదండి.”

అంతే. వారం తిరక్కుండా కాగితం వచ్చింది. అప్రెంటిసుల్లో ఎవరికీ తగిన అనుభవం లేనందున, ఏడాదిలో నలభై మరమ్మతులు ఒంటిచేత్తో చేసిన తాతారావునే, నెలాఖరున రిటైరయ్యాక, ఆ పోస్టులో కాంట్రాక్టు మీద తీసుకుంటారట. వీరలక్ష్మికి సర్టిఫికెట్టు ఇచ్చారు. అందులో ‘రిజిస్టర్ల నిర్వహణలో సహకరించినారు’ అని ఉంది. చదువుతుంటే ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తాతారావు మీద ఎంత కోపమొచ్చిందో, అంత అందంగా రాసిపెట్టిన తన చేతి మీద దానికి రెట్టింపు వచ్చింది. ఫ్లెక్సీ మాత్రం ఎవరూ విప్పలేదు.

రెండు నెలల తర్వాత, ఆకివీడు దగ్గర ఎవరిదో చెరువు గట్టు మీద కూలికి ఏరేటరు విప్పుతుంటే ఫోను మోగింది. తాతారావు.

“బాగున్నావామ్మా? రెండో మోటారు ఒకటే గీపెడుతోంది. ఏం చెయ్యాలో పాలుపోవట్లేదు. ఊరికి నీళ్ళు వదిలే వేళయింది, కాస్త విని చెప్పమ్మా” అంటూ ఫోను మోటారు దగ్గర పెట్టాడు.

సిగ్గుండక్కర్లేదా మనిషికి! పెట్టేద్దామనుకుంది. ఈలోగా చెవి వినేసింది. బేరింగే.

“మీకు తెలియనిదేముందండి మాస్టారూ? నలభైసార్లు మీరే కదండీ చేశారు.”

అటునుంచి మోటారు గీపెడుతూనే ఉంది. ఊరంతా బిందెలు పట్టుకుని కుళాయిల దగ్గర నిలబడి ఉంటుందని ఆమెకు తెలుసు.

“మీ దగ్గర ఇప్పుడెవరున్నారండి?”

“కొత్త అప్రెంటిసమ్మా. గాయత్రి అని. మంచి పిల్ల.”

“ఫోను ఆ అమ్మాయికివ్వండి.”

మోటారు ఆపించింది. ఏ బోల్టు ముందు విప్పాలో, కొత్త బేరింగు ఏ బీరువాలో ఉందో, గ్రీజు ఎంత పెట్టాలో ఒక్కొక్కటే ఓపిగ్గా చెప్పింది. పిల్ల చురుకైనది, అడగాల్సినవన్నీ అడిగింది.

“ఇంకొక్క మాట, గాయత్రీ. పనయ్యాక రిజిస్టర్లో నీ పేరు రాసుకో. ఎవరేమనుకున్నా సరే. వింటున్నావా? నీ పేరే రాసుకో.”

మిగతా పంపుల హోరులో ఆ పిల్ల గొంతు బాగా తగ్గించి అంది:

“బాగుండదేమోనక్కా. పెద్దాయన పక్కనే ఉన్నారు.”