చెప్పులు మోసేవాడు ఏమయ్యాడు

ముప్పై ఎనిమిదో జవాబు పత్రంలోనూ ఆయనే ఉన్నాడు. "ప్రభువు కోటలోకి వెళ్లాక చెప్పులు మోసేవాడు వానలోనే మెట్ల మీద కూర్చుని ఎదురుచూశాడు. దీన్నిబట్టి ఆ కాలంలో కింది ఉద్యోగుల జీవితం ఎలా ఉండేదో తెలుస్తుంది" అని ఒక బేకరీ నడిపే ఆవిడ గుండ్రటి అక్షరాలతో రాసింది. దిద్దే ఆవిడ పెన్సిలు ఎత్తింది, దించింది, మళ్లీ ఎత్తింది. రైటు కొడితే అబద్ధానికి కొట్టినట్టు. తప్పు వేస్తే, తను చేసిన తప్పుకు ఆ మహాతల్లికి శిక్ష వేసినట్టు. చివరికి మార్జిన్‌లో ఒక చుక్క పెట్టి పత్రాన్ని పక్కన పడేసింది. పొద్దుట్నుంచి ముప్పై ఎనిమిది పత్రాలు చూసింది, ముప్పై ఎనిమిది చుక్కలు పెట్టింది.

అది బడి మానేసి ఏళ్లయిన పెద్దవాళ్లకు పోస్టులో పాఠాలు పంపే సంస్థ. మూడో అంతస్తులో, వరండా చివర, పక్క బిల్డింగు గోడ తప్ప ఏమీ కనిపించని కిటికీ దగ్గర ఆవిడ బల్ల. మోచెయ్యి ఆనే చోట బల్ల రంగు పోయి తెల్లబడింది. కుట్టుపని, పద్దులు, ప్రథమ చికిత్స లాంటి పనికొచ్చే పాఠాల మధ్య జపాను చరిత్ర ఎలా వచ్చి పడిందో ఎవరికీ తెలియదు. సంస్థ పెట్టిన పెద్దాయన సరదా అంటారు. ఆఫీసులో ఆవిణ్ణి జపాను అత్తయ్య అంటారు. ఆవిడ జపాను మొహం చూడలేదు, విమానం మొహమూ చూడలేదు.

ఇరవై ఆరేళ్ల వయసులో, మంచాన పడిన అత్తగారి పక్కన కూర్చుని ఏదో ఒకటి చదువుకోవాలనుకుంది. కుట్టుపనిలో ఖాళీల్లేవు, జపాను చరిత్రలో కావలసినన్ని ఉన్నాయి. మొదటి పాఠం నాలుగు పేజీల చక్రవర్తుల పట్టిక. రెండో పేజీలో నిద్రపట్టింది, పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. మధ్యలో మానేస్తే ఆడపడుచు నవ్వుతుందన్న పంతంతో మొత్తం చదివి, చివర్లో సంస్థకు ఒక ఉత్తరం రాసింది. "మొదటి పాఠం నిద్రపోకుండా చదివినవాళ్లకు ఏదైనా బహుమతి పెట్టండి" అని. పెద్దాయన కోప్పడకుండా పిలిపించి, "అయితే మీరే రాయండి" అన్నాడు. ఆ రోజులు తలుచుకుంటే ఆవిడకు ఇప్పటికీ ఒళ్లు తేలికవుతుంది. పగలు దిద్దడం, సాయంత్రాలు అత్తగారికి మందులిస్తూ పాఠాలు రాసుకోవడం, తెల్లకాగితం చూస్తే చాలు చేతులు దురదపెట్టడం.

చదివేవాళ్లెవరో ఆవిడకు బాగా తెలుసు, తనూ వాళ్లలో ఒకతే కనుక. రోజంతా ఒళ్లు హూనం చేసుకుని ఇంటికొచ్చిన మనిషికి సంవత్సరాల పట్టిక చేతిలో పెడితే ఆ పుస్తకమే మొహాన కప్పుకుని పడుకుంటాడు. అందుకే ప్రతి పాఠాన్నీ తలుపు బయట మొదలుపెట్టింది. లోపల ప్రభువులు మంతనాలాడుతుంటే బయట మెట్ల మీద, వాళ్ల చెప్పులు కాపలా కాస్తూ ఒక మనిషి. తండ్రి తర్వాత కొడుకు, రెండొందల ఏళ్లకు పైగా అదే ఇంటివాళ్లు, పేరు లేదు, పని ఒకటే. ప్రభువులందరూ ఏడాది విడిచి ఏడాది రాజధానికి నడిచి రావాలి, భార్యాపిల్లలను అక్కడే ఉంచి పోవాలి అన్న చట్టాన్ని చట్టంలా రాయలేదు. "వెయ్యి మంది నడుస్తున్నారు. గడ్డి చెప్పులు రెండు రోజులకే తెగిపోతాయి. దారి పొడుగునా ఎన్ని జతలు కావాలి?" అని అడిగింది. ఒక లారీ డ్రైవరు పదకొండు పేజీల లెక్క పంపాడు. టైర్లతో పోలిక కూడా చూపించాడు.

మొదటి ముద్రణలో మొదటి పేజీ అడుగున ఒక వాక్యం ఉండేది. "చెప్పులు మోసేవాడు నేను కల్పించిన మనిషి, అతను చూసినవి మాత్రం జరిగినవే" అని. పన్నెండేళ్ల కిందట రెండో ముద్రణప్పుడు ఆ పేజీ ఒక్క లైను పొడుగైంది. కంపోజింగ్ ఆయన ఏదో ఒక లైను తియ్యమన్నాడు. కల్పించిన మనిషని ఎవరికి మాత్రం తెలియదు అనుకుని ఆవిడ ఆ లైనే తీసేసింది.

ఈ ఏడు పరీక్షకు బయటి నుంచి ఒక ప్రొఫెసరును పిలిచారు. అరవై మందిలో నలభై ఒక్కరు ఆ మనిషిని సాక్ష్యంగా చూపించారనీ, ఒకరైతే అతను పుట్టిన సంవత్సరం కూడా రాశారనీ ప్రొఫెసరు ఘాటుగా ఉత్తరం రాసి, ఆ పత్రాలను మళ్లీ దిద్దమని తిప్పి పంపాడు. పదకొండు గంటలకు మేనేజరు బల్ల దగ్గరికి వచ్చి, కూర్చోకుండా నిలబడ్డాడు.

"నాలుగింటికి ప్రెస్సుకు పంపాలి మేడమ్. ఆ చెప్పులాయన్ని తీసేయండి."

"మొదట్లో ఉన్న ఆ లైను తిరిగి పెడితే సరిపోదా అండీ?"

"నేనూ అదే అడిగాను. చరిత్ర పాఠంలో లేని మనిషి ఉండకూడదంటున్నారు ప్రొఫెసరుగారు."

"ఆయన అన్నదాంట్లో తప్పేం లేదులెండి. తప్పు నాదే," అంది ఆవిడ.

స్కేలు పెట్టి గీతలు కొట్టడం మొదలుపెట్టింది. ఎనిమిదో పాఠంలో రాజధాని తగలబడినప్పుడు ఆయన ఇల్లు వదిలేసి ప్రభువు చెప్పులు పట్టుకుని పరిగెత్తాడు, అది పోయింది. పదిహేడో పాఠంలో అమెరికావాళ్ల నల్ల ఓడలొచ్చాయన్న కబురు విని ప్రభువు కంగారులో కుడి చెప్పు ఎడమ కాలికి తొడిగితే ఆయన నవ్వాపుకున్నాడు, అదీ పోయింది. సొంత మనిషిని ఇంట్లోంచి వెళ్లగొడుతున్నట్టే ఉంది ఆవిడకు.

మధ్యాహ్నం పోస్టు కట్టలో ఒక కవరు మీద వణుకుతున్న చేతిరాత కనిపించగానే గుర్తుపట్టింది. లిఫ్టాయన. ఆసుపత్రి లిఫ్టులో చిన్న స్టూలు మీద కూర్చుని, కింది అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య పాఠాలు చదివిన మనిషి. రిటైరయ్యాకా కోర్సు వదల్లేదు, అయిపోతే మళ్లీ మొదటి నుంచి చదివేవాడు. "పెద్ద డాక్టర్లను మీటింగులకు పైకి చేర్చి బయట కూర్చునేవాణ్ణి. ఆ మెట్ల మీద కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసమ్మా" అని ఒకసారి రాశాడు. ఇద్దరూ ఎప్పుడూ కలుసుకోలేదు.

"అమ్మగారికి నమస్కారం. ఆఖరి పాఠం మళ్లీ చదివాను. ప్రభుత్వం మారింది, ప్రభువు తోలు బూట్లు వేసుకున్నాడు, రైలు వచ్చింది. మరి చెప్పులు మోసేవాడు ఏమయ్యాడు? మీరు రాయలేదు. నాకు ఒంట్లో బాగుండటం లేదు. కాస్త త్వరగా చెప్పగలరు."

ఆవిడ తింటున్నది ఆపేసింది. టిఫిను డబ్బా మూసేసింది. ఎవరు నమ్మినా సర్దుకోవచ్చు, ఈయన నమ్మడం మాత్రం భరించలేకపోయింది. ఆ మనిషిలో తనను తాను చూసుకున్నాడు పాపం. అసలు అలాంటివాడే లేడని చెప్పాలి, అదీ ఈ స్థితిలో. చెప్పకుండా ముగింపు ఒక్కటీ రాసి పంపితే ఆయన సంతోషంగానే ఉంటాడు. కానీ ముప్పై ఏళ్లు ఊళ్లోవాళ్ల తప్పులు దిద్దిన చెయ్యి అందుకు ఒప్పుకోలేదు. ముందు నిజం రాసింది, తప్పు నాది, క్షమించమని రాసింది. ఆ తర్వాత, మీరు అడిగారు కాబట్టి, అంటూ ముగింపు రాసింది. నాలుగింటికి పాఠాలు మేనేజరుకు అప్పగించి, పోస్టులో వేస్తే మూడు రోజులు పడుతుందని కవరు చేత్తోనే పట్టుకుని బస్సెక్కింది.

ఆసుపత్రి వెనక క్వార్టర్లలో రెండో అంతస్తు. తలుపు తీసిన కూతురికి నలభై ఏళ్లుంటాయి. వెనక మంచం మీద పరుపు చుట్టేసి ఉంది, కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి.

"నాన్న మొన్న పొద్దున పోయారండీ. నిద్రలోనే," అంది మెల్లగా. "మీరు జపాను మేడమ్ కదూ? కవరు మీద రాత చూస్తే తెలిసింది. రండి, కూర్చోండి."

ఆవిడ కూర్చుంది. ఏం మాట్లాడాలో తోచక, తెచ్చిన మాటే చెప్పేసింది.

"మీ నాన్నగారికి నేనొక అబద్ధం చెప్పానమ్మా. ఆ చెప్పులు మోసేవాడు నిజంగా లేడు. నేనే కల్పించాను. చెబుదామనే వచ్చాను."

"అది నాన్నకు తెలుసండీ," అంది కూతురు. లోపలికి వెళ్లి పసుపు పచ్చబడిన పాత పాఠం ఒకటి తెచ్చింది. మొదటి ముద్రణ. మొదటి పేజీ అడుగున ఆ వాక్యం, దాని కింద రెండు గీతలు. "నాకూ చదివి వినిపించారు. 'లేని మనిషేలే. కానీ ఆ మెట్ల మీద ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు కదే' అనేవారు."

ఆవిడకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. కూతురు నీళ్లు తెచ్చిచ్చి పక్కనే కూర్చుంది.

"ఇంతకీ ఏమయ్యాడండీ? నాన్న నన్నూ ఊరించి పెట్టారు."

ఆవిడ కవరు చించి, నిజం రాసిన పేజీ పక్కన పెట్టి, రెండోది పైకి చదివింది. "ఆ రోజు ప్రభువు బూట్ల లేసులు తనే కట్టుకుని వెళ్లిపోయాడు. చెప్పులు మోసేవాడు కాసేపు మెట్ల మీదే కూర్చున్నాడు. ఎవరూ పిలవలేదు. లేచి, ఆ పాత చెప్పులు మెట్టు మీద సర్దిపెట్టి ఇంటిదారి పట్టాడు. రెండు చేతులూ ఖాళీగా ఉండేసరికి వాటినేం చెయ్యాలో తెలియలేదు. దారిలో ఎదురొచ్చిన మనవరాలి చెయ్యి పట్టుకున్నాడు."

కూతురు లేచి, అలమర పై అరలోంచి నాన్న నల్ల అట్ట నోటుబుక్కు తీసి, చివరి పేజీ తెరిచి ఆవిడ ఒళ్లో పెట్టింది. పేజీ పైన వణుకుతున్న అక్షరాలతో అదే ప్రశ్న, ఒకే ఒక్కటి ఉంది, దాని కింద పేజీ అంతా జవాబు కోసం ఖాళీగా వదిలి ఉంది.