దగ్గుమందుకు డాక్టరెందుకు?

నేను ఒక దగ్గుమందు సీసాను. గోధుమరంగు ప్లాస్టిక్ ఒళ్లు, తెల్లటి మూత, ఆ మూత మీద బోర్లించిన చిన్న కొలత గిన్నె. కడుపులో వంద మిల్లీలీటర్ల ఎర్రటి మందు. నాకు ఎవరూ దండం పెట్టనక్కర్లేదు. మాలాంటివాళ్లు మీ ఇళ్లలో ఫ్రిజ్ తలుపు అరల్లో, సొరుగుల మూలల్లో జిగురు కారుతూ ఎందరో పడి ఉంటారు. కానీ తాగేముందు నా మీద ఏం రాసుందో ఒక్కసారి చదవండి. రెండేళ్లుగా ఇదే అంటున్నాను. వినేవాళ్లేరి? సీసాకు నోరుంటుంది కానీ గొంతుండదు.

నగరం బయట ఒక పారిశ్రామికవాడలో నన్ను నింపారు. నింపాక చుట్టూ కాగితం అతికించారు. మందు పేరు బొటనవేలంత అక్షరాల్లో వేశారు. లోపల కలిపిన నాలుగింటి పేర్లు మాత్రం అడుగున, చీమ కాళ్లంత అక్షరాల్లో వేశారు. ఆ నాలుగింటిలో మూడోది టెర్బుటలిన్. ఊపిరి గొట్టాలు బిగుసుకుపోతే వాటిని వదులు చేస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు మంచి మందే. అయితే డోపింగ్ నిరోధక నియమాల ప్రకారం క్రీడాకారులు దాన్ని తీసుకోకూడదు. పోటీ రోజైనా, మామూలు రోజైనా, ఒంట్లో చుక్క కనిపించినా తప్పే. తప్పనిసరైతే కాగితాలు పెట్టి ముందే అనుమతి తెచ్చుకోవాలి. ఇంకో పక్క ఎర్ర పెట్టెలో, డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని కూడా వేశారు. ఆ ఎర్ర పెట్టె నా జీవితంలో ఎవరికీ అడ్డు రాలేదు.

హనుమకొండలో స్టేడియానికి రెండు వీధుల అవతల యాకూబ్ మందుల దుకాణం ఉంది. నేను అక్కడికి చేరిన పదిరోజులకు సారంగపాణి సారు వచ్చాడు. బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. పొద్దున అయిదున్నరకల్లా మెడలో విజిల్‌తో స్టేడియంలో ఉంటాడు. పరుగు నేర్చుకుంటామని ఎవరొచ్చినా కాదనడు.

"యాకూబ్, మంచి దగ్గుమందు ఇయ్యి. మా స్వరూపకు నాలుగొద్దుల సంది ఒకటే దగ్గు. ఆదివారం బెంగుళూరుల పరుగున్నది."

"కళ్లె పడుతుందా సార్, పొడి దగ్గా?"

"కళ్లెనే. మాట్లాడనిస్తలేదు పిల్లను."

యాకూబ్ నన్ను తీసి బల్ల మీద పెట్టాడు. సారంగపాణి సారు నన్ను చేతిలోకి తీసుకున్నాడు. ఇప్పుడు చదువుతాడనుకున్నాను. కళ్లజోడు జేబులోనే ఉంది. తీయలేదు.

"దీంట్ల కాఫీపొడి అసుంటిది ఏమన్న కలుపుతరా?"

యాకూబ్ నవ్వాడు. "దగ్గుమందుల కాఫీ ఎందుకు కలుపుతరు సార్?"

"నవ్వకు. కాఫీ, చాయ్ ఒంట్ల దొరికితే పిల్ల ఆట ఖతమైతది. మత్తు గిట్ల ఏమన్న వస్తదా?"

"రాదు. నాది గ్యారంటీ. మా ఇంట్ల అందరు గిదే తాగుతరు."

అంతే. ఇద్దరూ మంచివాళ్లే. ఇద్దరికీ ఆ అమ్మాయి గెలవాలనే ఉంది. అడగాల్సిన మాట ఒక్కటీ అడగకుండా, చెప్పాల్సిన మాట ఒక్కటీ చెప్పకుండా నన్ను సంచిలో వేశారు.

స్వరూప ఇంటిపేరు పులిగిల్ల. ఇరవై ఆరేళ్లు. ఒక గురుకుల పాఠశాలలో కాంట్రాక్టు మీద వ్యాయామం నేర్పుతుంది, పదిహేను వందల మీటర్లు పరిగెత్తుతుంది. తల్లి కొమురమ్మ అంగన్‌వాడీలో ఆయా. ఇద్దరూ హసన్‌పర్తిలో ఒక గది, వంటగది ఉన్న ఇంట్లో ఉంటారు. స్వరూప కాంట్రాక్టు ఏప్రిల్‌తో అయిపోతుంది. జాతీయ పోటీల్లో మొదటి ముగ్గురిలో నిలిస్తే క్రీడల కోటాలో ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. వయసు రీత్యా ఆమెకు మిగిలిన అవకాశాలు ఒకటో, రెండో.

ఆమెకు చాయ్ అంటే ప్రాణం. అయితే పోటీకి ఎనిమిది రోజుల ముందు నుంచీ చాయ్ ముట్టకూడదని సారంగపాణి సారు ఆజ్ఞ. ఆరేళ్లుగా ఆమె ఆ మాట జవదాటలేదు. నేను ఆ ఇంటికి చేరిన పూట కూడా నుదుటికి చున్నీ బిగించి కట్టుకుని కూర్చుంది. చాయ్ మానేసిన మూడో రోజట అది. తల పగిలిపోతోంది, పైగా దగ్గు.

"ఒక్క గుక్క తాగు బిడ్డా, ఎవలు చూసిన్రు?" అంది కొమురమ్మ.

"వద్దమ్మా. సారుకు మాట ఇచ్చిన."

చాయ్ గ్లాసు వెనక్కి నెట్టి, ఆ చేత్తోనే నా మూత తిప్పింది. నా బాధ ఎవరితో చెప్పుకోను?

బెంగుళూరు రైల్లో మాత్రం ఆమె నన్ను సంచిలోంచి తీసి చూసింది. నిజంగానే చూసింది. కిటికీ దగ్గర వెలుతురులో పెట్టుకుని, ఫోన్ తీసి నా పేరు కొట్టింది. నాలాంటి పేరే ఉన్న మందులు డజను వచ్చాయి. ఒక దాంట్లో దగ్గు తగ్గిస్తుందని రాసి ఉంది, అంతవరకే చదివింది. పక్కన కూర్చున్న సారు వైపు తిరిగింది.

"సార్, గీ మందు ఒకసారి ఎవలకన్న డాక్టర్‌కు చూపెడితే? మొన్న డోపింగ్ క్లాసుల చెప్పిన్రు, ఏం మందు తాగినా అడుగుమని."

"దగ్గుమందుకు డాక్టరెందుకు బిడ్డా? నా మనుమరాలు తాగుతది. నువ్వు ఫికర్ జేయకు, తాగి పండుకో."

ఆమె తాగి పడుకుంది. ఆ మూడో పేరొక్కటి ఫోన్‌లో కొట్టి ఉంటే నిమిషంలో తెలిసేది. నిమిషం కూడా ఎక్కువే.

పరుగు నేను చూడలేదు, మైదానం బయట సంచిలో ఉన్నాను. సారంగపాణి సారు గొంతు మాత్రం వినబడింది. "లోపలి లైన్ల రా! చేతులు, చేతులు!" అని అరిచి అరిచి చివరికి ఆ గొంతు మూగబోయింది. తర్వాత ఆయన సంచి పక్కనే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. స్వరూపకు కాంస్యం వచ్చింది. అంతకుముందు ముప్పై ఏళ్లలో ఆయన శిష్యులెవరికీ జాతీయ పతకం రాలేదు.

పావుగంట తిరక్కముందే ఒకామె వచ్చి స్వరూప పక్కన నిలబడింది. డోపింగ్ పరీక్షకు మూత్రం ఇవ్వాలి, అప్పటిదాకా ఆమెను వదలరు. గదిలో కూర్చోబెట్టి, సీలు వేసిన నీళ్ల సీసాలు ఇచ్చారు. గంటన్నర పట్టింది. ఆ తర్వాత ఒక అధికారి ముందు ఫారం పెట్టాడు. గత ఏడు రోజుల్లో ఏమేం మందులు వాడావని అందులో ఒక గడి ఉంది.

"దగ్గుమందు రాయాల్నా సార్?"

సారంగపాణి సారు గొంతు తగ్గించాడు. "ఎందుకు లేనిపోని లొల్లి? విడిచిపెట్టు."

"అడిగిన్రు గదా సార్. తాగిన గదా," అంటూ నన్ను బయటికి తీసి, నా పేరు, పూటకెంత తాగిందో రాసింది. అధికారి నన్ను చూశాడు, రాసుకున్నాడు, ఏమీ అనలేదు. అనడం ఆయన పని కూడా కాదు.

అయిదు వారాలకు, పరీక్షలో టెర్బుటలిన్ దొరికిందని మెయిల్ వచ్చింది. గురుకులంలో పిల్లలకు ఖోఖో ఆడిస్తుండగా చూసుకుందట. ఇంటికొచ్చి ముందు నా మీది అక్షరాలు చదివింది. కబురు విని సారంగపాణి సారు పరుగున వచ్చాడు. వచ్చీ రాగానే అడిగిన మాట ఇది:

"నిజం చెప్పు బిడ్డా. చాయ్ తాగినవా?"

నేను ఆ క్షణాన అర మీద నుంచి దూకి పగిలిపోవాలనుకున్నాను. ప్లాస్టిక్ ఒళ్లాయె, పగలడమన్నా లేదు.

"చాయ్ కాదు సార్," అంది స్వరూప. నన్ను తెచ్చి ఆయన చేతిలో పెట్టి, మూడో పేరు కింద గోరు ఆనించింది. ఆయన అప్పుడు కళ్లజోడు తీశాడు. పెట్టుకుని చదివాడు. మళ్లీ చదివాడు.

నాలుగు రోజుల తర్వాత ఆయన ఒక కాగితంతో వచ్చాడు. తెలిసిన డాక్టరు రాసిచ్చిన చీటీ. బెంగుళూరు వెళ్లే ముందే స్వరూపను పరీక్షించి నన్ను రాసినట్టుగా, పాత తేదీ వేసి ఉంది.

"ఇది చూపెడదాం. డాక్టర్ ఇచ్చిండు, తాగినవ్. నీ తప్పేం లేదు."

స్వరూప చదివి, మడతపెట్టి, తిరిగి ఆయన ముందు పెట్టింది. "గిది అబద్ధం సార్. దొరికితే ఇగ జన్మల ఉరకనియ్యరు. దొరక్కున్నా నేను తలెత్తుకొని ఉరకలేను. మందు తాగింది నిజం. డాక్టర్‌ను అడగంది నిజం. గదే చెప్త."

"ఎవలు కొన్నరని అడిగితే?"

"అడిగితే చెప్త సార్."

ఆయన లేచి వెళ్లిపోయాడు. చీటీ మర్చిపోయాడు. కొమురమ్మ దాన్ని పొయ్యిలో పెట్టింది. మూడు వారాలు ఆయన ఇటు రాలేదు, స్టేడియానికీ వెళ్లలేదట. ఆ మూడు వారాలూ స్వరూప అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికేది. పతకం పోతుందన్న దిగులు కన్నా సారు రావడం లేదన్న దిగులే ఎక్కువని తల్లికి తెలుసు.

విచారణ కంప్యూటర్ తెర మీద జరిగింది. గురుకులంలో కంప్యూటర్ చెప్పే టీచరు తన ల్యాప్‌టాప్ తెచ్చిచ్చింది. తెరలో ముగ్గురు: ఒక న్యాయవాది, ఒక డాక్టరు, తెలుగు తెలిసిన ఒక మాజీ క్రీడాకారిణి. నన్ను చూపించమన్నారు. స్వరూప నన్ను కెమెరాకు ఆనించింది. "అక్షరాలు కనబడటం లేదు, ఇంకొంచెం దగ్గరగా," అన్నారు. దగ్గర పెడితే మసక, దూరం పెడితే చుక్కలు. అయిదు నిమిషాలు నన్ను అటూ ఇటూ తిప్పారు. చివరికి ఫొటో తీసి పంపమన్నారు. నాకు సిగ్గేసింది, కానీ ఆ అక్షరాలు నేను వేసుకున్నవి కావు.

"ఈ మందు ఎవరు కొన్నారు?" అని అడిగింది తెలుగు తెలిసినామె.

స్వరూప నోరు తెరిచేలోపు తలుపు దగ్గర దగ్గు వినబడింది. సారంగపాణి సారు చెప్పులు విడిచి లోపలికొచ్చి, కెమెరా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నేను కొన్న మేడమ్. పిల్ల డాక్టర్‌ను అడుగుదమన్నది. నేనే వద్దన్న."

"కొనేటప్పుడు ఇందులో ఏముందో షాపులో అడిగారా?"

"అడిగిన. కాఫీ ఉన్నదా అని అడిగిన."

"కాఫీ ఎందుకు?"

"కాఫీ, చాయ్ బంద్ గదా మేడమ్, ఆటగాళ్లకు. నేను చిన్నప్పుడు క్యాంపుల చెప్పిన్రు. పోటీలకు ముందు ఈ పిల్లకు ఆరేండ్లు చాయ్ చుక్క తాగనియ్యలే."

తెలుగు తెలిసినామె మెల్లగా చెప్పింది. "సార్, కాఫీలో ఉండే కెఫీన్‌కు ఒకప్పుడు హద్దు ఉండేది. దాన్ని జాబితా నుంచి తీసేసి ఇరవై ఏళ్లు దాటింది. ఎవరెంత తీసుకుంటున్నారో గమనిస్తున్నారు, అంతే. చాయ్ తాగొచ్చు."

సారంగపాణి సారు స్వరూప వైపు తిరిగాడు. ఆరేళ్ల తలనొప్పులు ఒక్కసారిగా ఆయనకే వచ్చినట్టు ముఖం అయిపోయింది. ఆమె ఆయనను చూసింది. కోపం వచ్చింది, నేను చూశాను. తర్వాత లేచి తన కుర్చీ ఆయన వైపు జరిపి, "కూసోండి సార్," అంది.

తీర్పు పది రోజులకు వచ్చింది. నిజం దాచనందుకు, ఫారంలో రాసినందుకు శిక్ష తగ్గించారు. ఎనిమిది నెలల నిషేధం. కాంస్యం వెనక్కి ఇవ్వాలి. సారంగపాణి సారుకు ఏ శిక్షా పడలేదు, ఎందుకంటే ఒంట్లోకి ఏం పోయినా ఆటగాళ్లదే పూచీ అని నియమం. ఆయనకు మాత్రం శిక్ష పడి ఉంటే కాస్త నిద్రపట్టేదేమో. ఉద్యోగం దరఖాస్తు అక్కడితో ఆగింది. ఏప్రిల్‌లో గురుకులం కాంట్రాక్టు కూడా పొడిగించలేదు. స్వరూప ఒక ప్రైవేటు బడిలో చేరింది.

నిషేధం ఉన్నన్నాళ్లూ స్టేడియంలోకి అడుగుపెట్టకూడదు కనుక కాకతీయ కాలువ గట్టు మీద ఒంటరిగా పరిగెత్తింది. లారీల దుమ్ములో, ఎండలో. శిక్షణ ఇవ్వకూడదు కనుక సారంగపాణి సారు అటు వెళ్లలేదు. ఆయన కోపమంతా యాకూబ్ దుకాణం మీద చూపించాడు. ఇప్పుడు ఏ మందు కొన్నా ప్రతి పేరూ కూడబలుక్కుని చదివి, ఫోన్‌లో ఒక్కో అక్షరం కొట్టి చూస్తాడట. వెనక పదిమంది నిలబడి గొణుగుతున్నా కదలడట. "సారూ, అది ఉప్పు నీళ్ల ప్యాకెట్, దాంట్ల ఏముంటది?" అని యాకూబ్ నెత్తి కొట్టుకుంటే, "నీ గ్యారంటీ నాకొద్దు," అంటాడట. ఈ సంగతి స్వరూప తల్లికి చెప్పి నవ్వుతుంటే విన్నాను. ఆ ఇంట్లో చాలా నెలల తర్వాత విన్న నవ్వు అది.

విచారణ ముగిసినా ఆమె నన్ను పారేయలేదు. నలభై మిల్లీలీటర్ల మందు కడుపులో గడ్డకట్టుకుపోతుంటే అర మీద కూర్చున్నాను. మరుసటి ఏడు ఆమె మళ్లీ జాతీయ పోటీలకు వెళ్లింది. తిరిగొచ్చిన మర్నాడు నన్ను మున్సిపాలిటీ బండిలో వేసింది. ఇప్పుడు పొడిచెత్త షెడ్డులో నూనె డబ్బాల మధ్య ఉన్నాను, రేపో ఎల్లుండో నన్ను నలిపి ముద్ద చేస్తారు. ఆమె పోటీల నుంచి తిరిగొచ్చిన సాయంత్రం మాత్రం నాకింకా గుర్తుంది. సంచి గుమ్మంలో పెట్టి, గడప మీద కూర్చుని బూట్లు విప్పుకుంటోంది. కొమురమ్మ చీపురు పట్టుకునే వచ్చింది.

"ఎన్నో నంబరొచ్చింది బిడ్డా?"

"నాలుగు."

కొమురమ్మ చీపురు గోడకు ఆనించింది. "నాలుగంటే ఏమియ్యరా?"

"ఏమియ్యరు. పేరు రాసుకుంటరు."

"మళ్ల కొట్టేస్తరా?"

స్వరూప రెండో బూటు లాగి పక్కన పెట్టి, వేళ్లు విరుచుకుంది.

"కొట్టెయ్యరమ్మా. ఇది ఉంటది."