మేడమీద మరిగే నీళ్ళు

మా ఇంటి మేడమీద నీళ్ళు మరుగుతాయి. కింద కుళాయి తిప్పితే చల్లగా వస్తాయి. ఈ రెండింటి మధ్య నా ప్రాణం విసిగిపోయింది.

సోలారు పెట్టించింది మా ఆయన. "నెత్తిమీద అంత సూర్యుణ్ణి పెట్టుకుని కరెంటుతో నీళ్ళు కాచుకునేవాడంత తెలివితక్కువవాడు లేడు" అన్నది ఆయన సిద్ధాంతం. కిందటేడు బాగానే పనిచేసింది, కాదనను. జిడ్డుగిన్నెలు కడుగుతుంటే చెయ్యి చుర్రుమనేది. ఎండలు ముదిరాక వేడినీళ్ళ అవసరం ఎవరికుంటుంది? దాని జోలికే పోలేదు. తీరా ఈ చలికాలం వచ్చి కుళాయి తిప్పితే, ఫ్రిజ్‌లోంచి తీసినట్టు వచ్చాయి.

మా ఇద్దరి సంగతైతే ఏముంది, పొయ్యిమీద ఒక గిన్నె పడేస్తే గడిచిపోతుంది. నా బెంగంతా అత్తయ్య గురించే.

అత్తయ్యకి కీళ్ళవాతం. వేళ్ళు వంకర్లు పోయాయి. చెంబు పట్టుకోలేరు, కుళాయి తిప్పలేరు. చాలాకాలం నేనే స్నానం చేయించాను. నేను నీళ్ళు పోస్తున్నంతసేపూ గోడవైపు తిరిగి కళ్ళు మూసుకునేవారు. ఒకప్పుడు బడంతటినీ చూపుతోనే గడగడలాడించిన హెడ్మాస్టరమ్మ. ఆవిడ సిగ్గు చూడలేక నేనూ పక్కకి చూస్తూ పోసేదాన్ని. సగం నీళ్ళు నేలపాలు.

మొన్న వానాకాలంలో మా ఆయన ఆవిడ స్నానాలగదిలో హ్యాండ్ షవర్ బిగించారు. మీట అరచేత్తో నొక్కితే నీళ్ళొస్తాయి, వదిలితే ఆగిపోతాయి. మొదటిరోజు అత్తయ్య లోపలికెళ్ళి, అరచేతి అంచుతో గడియ తోసుకున్నారు. ఆ గడియ చప్పుడుకి నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. ఆవిడ బయటికొచ్చి, ఆ పూట పేపరు పైకి చదివి, అందులో తప్పులు పట్టి, రాసినవాణ్ణి తిట్టిపోశారు.

చలి మొదలయ్యాక ఒకరోజు స్నానం చేసి వస్తున్న ఆవిడ చెయ్యి నాకు తగిలింది. మంచుముద్ద.

"అత్తయ్యా, చన్నీళ్ళు పోసుకున్నారా?"

"గోరువెచ్చగానే ఉన్నాయి."

"ఇదా గోరువెచ్చన?"

"నీ చెయ్యి పొయ్యి దగ్గర ఉండి ఉండి కాలింది. అందుకే నీకలా అనిపిస్తోంది."

మధ్యాహ్నానికి వేళ్ళు ఉబ్బిపోయాయి. చెంచా కూడా పట్టుకోలేకపోయారు. నిజం చెప్తే మళ్ళీ నేను లోపలికొస్తానని, ఇన్నాళ్ళూ వణుకుతూ ఆ నీళ్ళే పోసుకుంటున్నారు మహాతల్లి. కోప్పడాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను.

మా ఆయన అప్పటికప్పుడు ఒక నిర్ణయానికొచ్చారు. "సోలారు బాగయ్యేదాకా ఆయాని పెడదాం. నీళ్ళు కాచి, తోడి, ఆవిడే స్నానం చేయిస్తుంది. మాట్లాడేశాను. సోమవారం నుంచి వస్తుంది."

అత్తయ్య అరచేత్తో కంచం పక్కకి నెట్టేశారు. "ముక్కూమొహం తెలియని మనిషి ముందు నేను బట్టలు విప్పను. నువ్వు ముందు ఆ సోలారు సంగతి చూడు."

అలా మాకు సోమవారం గడువైంది.

ముందు మెకానిక్ వచ్చాడు. ఏమడిగినా "చూద్దాం సార్" అంటాడు గనక అతనికి మా ఇంట్లో చూద్దాంసారు అని పేరు. మేడమీదకెళ్ళి గాజుగొట్టాలు తట్టాడు, ట్యాంకు మీద చెయ్యేసి అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. "లోపల ఉప్పు పేరుకుంది మేడం. కడిగేస్తే సరి" అని ట్యాంకు కింది బిరడా విప్పాడు. పొగలు కక్కుతూ సలసలా మరిగే నీళ్ళు మేడంతా పారి, తూములోంచి వీధిలోకి పోయాయి. పొద్దుట్నుంచీ సూర్యుడు పడ్డ కష్టమంతా కాలవపాలు.

"ఇంత వేడినీళ్ళు ఇక్కడుంటే కిందికెందుకు రావట్లేదయ్యా?" అని అడిగాను.

"చూద్దాం మేడం" అన్నాడు. మళ్ళీ కనిపించలేదు.

తర్వాత మా ఆయన రంగంలోకి దిగారు. వేడంతా దారిలోనే పోతోందట. పైనుంచి కిందిదాకా గొట్టానికి పాత దుప్పట్లు చుట్టారు. అందులో ఒకటి నా మంచి దుప్పటి. చుట్టి, చేతులు దులుపుకుని, "రేపు చూడు" అన్నారు. మర్నాడు చూశాను. గొట్టం వెచ్చగా దుప్పటి కప్పుకుని పడుకుంది. నీళ్ళు మాత్రం చల్లగానే వచ్చాయి.

"గీజరు పెట్టించండి మహానుభావా" అన్నాను.

"ఒక్క అవకాశం ఇవ్వు. ఆదివారం మొత్తం విప్పేస్తాను."

గోడకి చెప్పుకున్నా ఒకటే, ఆయనకి చెప్పుకున్నా ఒకటే.

ఆదివారం పొద్దున్నే స్పానరు పట్టుకుని మేడెక్కారు. పైన వాల్వు కట్టేస్తారట. నేను వంటింట్లో వేడినీళ్ళ కుళాయి తెరిచి, గొట్టంలో మిగిలిన నీళ్ళన్నీ పోయాక కేకెయ్యాలి. అప్పుడు గొట్టం విప్పి, లోపలేం అడ్డుపడిందో చూస్తారు.

తెరిచాను. పోతున్నాయి. నిలబడ్డాను. ఇంకా పోతున్నాయి.

"అయిపోయాయా?" పైనుంచి కేక.

"లేదు!"

కాసేపాగి మళ్ళీ, "ఇప్పుడు?"

"ధారగా వస్తున్నాయి! అసలు వాల్వు కట్టారా?"

"కట్టాననే చెప్తున్నా! నువ్వు చన్నీళ్ళ కుళాయి తిప్పుంటావు!"

అగ్గిమీద గుగ్గిలం వేసినట్టయింది నాకు. రోజంతా ఆ కుళాయిల దగ్గరే పడి చచ్చేదాన్ని, నాకు ఏది ఏదో తెలియదట. "కిందికొచ్చి మీ కళ్ళతో చూసి ఏడవండి!" అని వీధంతా వినపడేలా అరిచాను.

వచ్చారు. చూశారు. గడ్డం గోక్కున్నారు. "అయితే వాల్వు పోయింది" అని మళ్ళీ పైకి పోయారు. ఎక్కడ ఏం జరిగినా ఆయనకి మేడమీదే జరగాలి.

నేను మాత్రం ఆ ధార చూస్తూ నిలబడిపోయాను. పైన దారి మూసేస్తే ఇవెక్కడివి? ఇంట్లో ఇంకేం నీళ్ళున్నాయి, చన్నీళ్ళు తప్ప? అంటే ఎక్కడో చన్నీళ్ళు వేడినీళ్ళ గొట్టంలోకి దూరుతున్నాయి. మా స్నానాలగది చూశాను. అన్నీ కట్టే ఉన్నాయి. పెరట్లోదీ అంతే. ఇక మిగిలింది అత్తయ్య గది.

లోపలికెళ్ళి దీపం వేశాను. గోడకి రెండు కుళాయిలు, ఒకటి వేడినీళ్ళది, ఒకటి చన్నీళ్ళది. రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. హ్యాండ్ షవర్ కొక్కేనికి బుద్ధిగా వేలాడుతోంది. మీట వదిలేసి ఉంది కాబట్టి బయటికి చుక్క రావట్లేదు. బయటికి దారిలేని చన్నీళ్ళు ఆ పక్క కుళాయిలోంచి వేడినీళ్ళ గొట్టంలోకి ఎక్కి ఇల్లంతా తిరుగుతున్నాయి. ఆ రెండూ కట్టేశాను. వంటింట్లో ధార చప్పుడు ఆగిపోయింది.

"అత్తయ్యా! ఈ కుళాయిలు ఎవరు తెరిచిపెట్టారు?"

"మీ ఆయనే" అన్నారు అత్తయ్య మంచమ్మీంచి. "షవర్ బిగించిన రోజు. 'సమంగా కలిపి పెట్టానమ్మా, నువ్విక వీటిని ముట్టుకోకు, మీట నొక్కితే చాలు' అన్నాడు. నేను ముట్టుకోలేదు."

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. తిప్పిందీ ఈయనే, వెతికిందీ ఈయనే. స్పానరుతో మెట్లు దిగొస్తున్న మా ఆయన్ని చూడగానే నా నోటికి బోలెడు మాటలొచ్చాయి. చాలావరకు అనేశాను. పాపం, స్పానరు వెనక్కి దాచుకుని నిలబడ్డారు.

"అంటే" అన్నారు అత్తయ్య మధ్యలో, "నా స్నానం అయ్యాక ఆ రెండూ కట్టెయ్యాలన్నమాట."

"అంతే అత్తయ్యా. అంతే! అయిపోయింది మన పీడ."

ఆవిడ తన చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నారు. నేనూ చూశాను. అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకి. రోజూ తెరవాలి, రోజూ కట్టాలి. గుండ్రటి నున్నటి కుళాయిలు. ఆ వేళ్ళకి అవి ఎక్కడ లొంగుతాయి?

"అది నావల్ల కాదుగా" అన్నారు అత్తయ్య. "మీట వదిలెయ్యగానే ఒకరు లోపలికొచ్చి కట్టాలి. నా ఒక్కదాని గడియ కోసం ఇల్లంతా చన్నీళ్ళు పోసుకోవాలా? ఆ ఆయాని రమ్మను. పర్వాలేదు."

ఆ "పర్వాలేదు" విన్నాక నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆవిడ ఎన్నడూ అనని మాట అది. పేపరువాడి తప్పుని కూడా పర్వాలేదు అనని మనిషి.

"ఎవరూ రారు" అన్నాను. "ఏమండీ, ఆస్పత్రిలో డాక్టరు చేతులు కడుక్కునే కుళాయి చూశారా? పొడుగ్గా పిడి ఉంటుంది. మోచేత్తో ఇలా తోస్తే చాలు, తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. అలాంటివి రెండు పట్రండి."

"ఇవాళ ఆదివారం. కొట్లు..."

"తెరిపించండి."

ఎవర్ని బతిమాలారో, ఏ కొట్టు తలుపు కొట్టారో అడగలేదు. సాయంత్రానికి తెచ్చారు. ఆయనే బిగించారు. బిగిస్తున్నంతసేపూ అత్తయ్య గుమ్మంలో కుర్చీ వేసుక్కూర్చుని, వంకరగా ఉంది, సరిచెయ్యి అంటూనే ఉన్నారు. ఆయాకి ఫోన్ చేసి రావద్దన్నాం.

సోమవారం పొద్దున్న గడియ చప్పుడైంది. నేను వంటింట్లో చెవులు రిక్కించుకుని నిలబడ్డాను. నీళ్ళ చప్పుడు. అంతలోనే "అమ్మా!" అని కేక.

పరుగెత్తాను. "అత్తయ్యా! ఏమైంది? రానా?"

"రావద్దు!" లోపల్నుంచి హెడ్మాస్టరమ్మ గొంతు. "నీళ్ళు చుర్రుమన్నాయి, అంతే. ఉండు, చన్నీళ్ళది కాస్త తిప్పుకుంటున్నాను."