విమల మునుం

బతుకమ్మ పండుగ దాటిన వారంలో జలీల్ చేతిలో ఉన్నవి మూడు: బాపు ఇచ్చిపోయిన నాలుగెకరాల సోయా, గూడూరులో టార్పాలిన్లు, గోనెసంచులు అమ్మే దుకాణం, జగపతి మంచిచూపు. మూడింటిలో మూడోదే విలువైనదని జలీల్ లెక్క. ఊళ్లో కోత మిషన్లు జగపతివే, గోదాము జగపతిదే. ఆ గోదాముకు సంచులు వేసేది జలీలే.

సోయా ఎండి గలగలలాడాక ఆగదు. కాయ పగిలితే గింజ నేలపాలు, వాన పడితే కాయలోనే మొలక. రైతు తొందరే జగపతికి పెట్టుబడి. అతని మిషను చేలో దిగిందంటే పంట అతని గోదాముకే పోవాలి, అతను చెప్పిందే ధర. బయటి మిషను పొలిమేర దాటితే దాని టైర్లలో గాలి మిగలదు.

ఆ మధ్యాహ్నం మిషను విమల చేను సగం కోసింది. మగదిక్కు లేని సేద్యం ఆమెది. జగపతి గట్టు మీద నిలబడి ధర చెప్పాడు.

"గా రేటుకు నేనియ్య పటేలా. మిషన్ కిరాయి ఎంతయితే గంత కట్టిస్త. పంట నేనే మార్కెట్‌కు తీస్కపోత," అన్నది విమల.

"గట్లనా? మంచిది," అని జగపతి డ్రైవరుకు చెయ్యి ఊపాడు.

మిషను తిరిగింది. వచ్చిన దారిన పోలేదు. కోయని సగం మీదుగా అటొకసారి, ఇటొకసారి నడిచింది. చక్రాల కింద కాయలు చిటపట పేలాయి. విమల ఉరికివచ్చి ఉత్త చేతులు చాపి అడ్డం నిలబడింది. అప్పుడుగానీ డ్రైవరు బ్రేకు వేయలేదు.

పక్కచేలో జలీల్ అంతా చూశాడు. మాటకు ఖరీదుంటుంది, ఊరుకుంటే ఏమీ పోదని వ్యాపారం నేర్పింది. ఊరుకున్నాడు.

సాయంత్రానికే ఆ లెక్క తప్పింది. జగపతి దుకాణానికి వచ్చాడు.

"నీ చేను ఎల్లుండి కోయిస్త జలీల్. రేటు గూడ జర మంచిగనే చూస్త. కానీ ఠాణల ఒక్క మాట చెప్పాలె. విమల రాయితోని మిషన్ అద్దం పలగ్గొట్టిందని."

"రాయి నేను చూల్లేదు పటేల్ సాబ్."

"చూసినవ్. రెండ్రోజులల్ల యాదికొస్తది తియ్."

ఇంటికొచ్చి చెబితే భార్య గుల్షన్ బేగం కుడుతున్న సంచి పక్కన పెట్టింది. "సంచిల ఏం పోస్తే గది మోస్తది. ఆయిన నిన్ను గూడ సంచే అనుకున్నడు."

"చేను ఎండిపాయె గదనే. ఏం చెయ్యమంటవ్?"

"నన్నడుగుతవేంది? పో, బడికాడ ఊరంత కూసున్నరు. ఆళ్లనడుగు."

బడి ముందు అరుపులు వీధి మలుపు దాకా వినిపిస్తున్నాయి. మిషను లేకుండా కొడవళ్లతో ఒకరి చేను ఒకరం కోసుకుందామని విమల అన్నది. అందరూ సరే అన్నారు. ఎవరి చేను ముందు అనేకాడ తగువు మొదలైంది. నాది ఎండిందంటే నాది ఎండిందని లేచారు.

"గీడనే గెలుస్తడు జగపతి," అన్నది కాళి. ఎకరం మెట్ట చెలక ఉన్న ముసలామె. "ఆయినకు మిషన్ ఎందుకు? మన 'నాది నాది' సాలదా?"

"ఎవ్వలది ముందు రాలేటట్టుంటే వాళ్లది ముందు," అన్నది విమల. "నాది ఆఖర్న."

అప్పుడు జలీల్‌ను చూశారు.

"ఏం భాయ్, ఎవలెవలొచ్చిన్రో పటేలుకు చెప్పనీకా?" అన్నాడు వెనక నుంచి నిరంజన్.

జలీల్ తల దించుకోలేదు. "విమలక్క రాయేసిందని నన్ను సాక్షం చెప్పమన్నడు. చెప్తే నా చేను కోస్తడట. నేను చెప్ప. నాకు కొడవలి పట్టుడు రాదు. దుకాణంల టార్పాలిన్లున్నయ్. కోసిన కుప్పల మీద కప్పుదాం."

"కిరాయెంత?" అన్నది కాళి.

జనం నవ్వారు. జలీలూ నవ్వాడు. "గీసారికి లేదవ్వా."

తెల్లవారి మంచు ఆరకముందే, అందరికన్నా ముందు రాలేటట్టున్న కాళి చేలో మునుం పట్టారు. మంచుకు కాయ మెత్తబడుతుంది, కోస్తే పగలదు. వరుసలు పంచుకుని పక్కపక్కన కోసుకుంటూ సాగే మనుషుల బారే మునుం. ముందుగా గట్టు చేరినవాళ్లు కూర్చోరు, వెనకబడ్డవాళ్లకు ఎదురు కోసుకుంటూ వస్తారు. గట్టు చేరేదాకా మధ్యలో ఎవరూ లేవరు.

సగం చేను కోశారో లేదో పోలీసు జీపు వచ్చింది.

"విమలంటే ఎవరు? లే," అన్నాడు ఎస్సై.

ఒక్క నడుమూ లేవలేదు.

"మునుం నడుస్తుంది సారూ," అన్నది కాళి. "గట్టు చేరినంక మాట్లాడుదురు."

కానిస్టేబుళ్లు విమలను రెక్క పట్టి లాగారు. కొడవలి కింద పడింది. ఆమె వరుసలు కోయకుండా నిలిచిపోయాయి. కుప్ప మీద టార్పాలిన్ కడుతున్న జలీల్ వచ్చి, ఆ కొడవలి తీసి, ఆ వరుసల్లో వంగాడు. రెండో పిడికిలికే వేలు తెగింది. కోశాడు.

"నువ్వు జలీల్‌వి గదా? సాక్షివి నువ్వేనటగా," అన్నాడు ఎస్సై.

"నేనే సార్. రాయి లేదు. మిషనే పంటను తొక్కింది. గది రాస్కోండ్రి."

చెంప మీద దెబ్బకు జలీల్ మోకాళ్ల మీద పడ్డాడు. అతన్నీ జీపులో వేశారు. జీపు కదులుతుంటే వెనక్కి చూశాడు. నిరంజన్ ఆ వరుసలు అందుకున్నాడు.

చేను అయ్యాక కొడవళ్లు గట్టున పెట్టి ఊరంతా ఠాణాకు నడిచింది. "మేం గూడ చూసినం. మా అందరి సాక్షం రాయి, లేకుంటే మమ్ముల గూడ లోపలెయ్," అని గేటు ముందు కూర్చున్నారు. లాఠీలు లేచాయి. కాళి చెయ్యి విరిగింది. కట్టు కట్టించుకుని మళ్లీ వచ్చి కూర్చున్నది.

విమలతో పాటు బెయిలు మీద బయటికొచ్చిన రోజు జలీల్ మనసులో లెక్క వేసుకున్నాడు. పోయినవి తక్కువేం కాదు. జగపతి గోదాము బేరం పోయింది. కింది పన్ను ఒకటి ఊడింది. పేరు మీద కేసు పడింది, వాయిదాలకు తిరగాలి. విమల చేలో తొక్కిన సగం తిరిగి రాదు. కాళి చెయ్యి పూర్తిగా వంగదన్నారు. మార్కెట్లో కొనేవాళ్లూ జగపతి మనుషులే, ఆ కొట్లాట ఇంకా ముందుంది.

రాబడి వైపు చూస్తే, ఊళ్లో ఏ సోయా చేనూ నిలబడి లేదు. తన నాలుగెకరాలు తను లేనప్పుడే కోసి కుప్ప వేశారు. గుల్షన్ దుకాణం తెరిచి ఉన్న టార్పాలిన్లన్నీ పంచేసింది. ఊరి పంటలో ఒక్క గింజ కూడా గోదాముకు పోలేదు. జగపతి సంచులు మోయడానికి ఒక్క హమాలీ దొరకలేదు. అన్నీ కొట్టివేయగా నికరంగా మిగిలింది ఇదీ: ఇకమీదట ఆ ఊళ్లో జగపతి మిషను ఏ చేలో దిగాలన్నా ముందు ఊరిని అడగాలి.