రెండో బ్రేకు

మా నాన్నది డ్రైవింగ్ స్కూలు. ఊళ్ళో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తుండదు, బ్రేకు మాస్టారంటే మాత్రం అందరూ తలూపుతారు. మా కారులో ఆయన కూర్చునే పక్కసీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయన కుడికాలు దానిమీదే కాపురం చేస్తోంది. నేర్చుకునేవాడు ఎదురుగా వచ్చే కుక్కని చూసేలోపే నాన్న కాలు దాన్ని చూసేస్తుంది. కారు ఆగిపోతుంది. తనే ఆపాననుకుని ఆ శిష్యుడు ఇంటికెళ్ళి గొప్పలు చెప్పుకుంటాడు.

నేనూ ఆ కారులోనే నేర్చుకున్నాను. అందుకే లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పాను. మొదటిసారి పరీక్ష పెట్టే ఆఫీసరు తన కారిచ్చాడు. మలుపు దాటగానే అడ్డంగా ఒక ఖాళీ డ్రమ్ము పెట్టి ఉంది. నేను నిబ్బరంగా స్టీరింగు పట్టుకుని కారు ఆగడం కోసం ఎదురుచూశాను. అదెప్పుడూ దానంతటదే ఆగేది కదా! డ్రమ్ము చాలా దూరం దొర్లింది. రెండోసారి ముందే జాగ్రత్తపడి బ్రేకు అదిమితే ఆఫీసరు కళ్ళజోడు వెళ్ళి ముందు అద్దానికి తగిలింది. "ఏ స్కూల్లో నేర్చుకున్నావమ్మా?" అని అడిగాడు. ఇంటి పరువు పోకూడదని, ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నానని చెప్పాను.

అలాంటి నేను పైలట్‌నవుతానన్నాను. నాన్న మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు, నా వైద్యపరీక్షల కాగితాల్లో వంక పెట్టడానికి ఏమీ దొరక్కపోయేసరికి, ఒక షరతు పెట్టాడు.

"స్కూలు నేను చూస్తా. నాకు నచ్చితేనే చేరతావు. నచ్చకపోతే మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు."

సరేనన్నాను. అనకేం చేస్తాను? ఊహ తెలిసినప్పటినుంచీ నాకు కావలసింది ఇదొక్కటే. అది కాస్తా మా నాన్నకి నచ్చడం మీద ఆధారపడింది. ఒక్క టమాటా ఎంచడానికి పావుగంట తీసుకునే మనిషి ఆయన.

మొదటి స్కూలు అద్దాల మేడ. గోడంత తెర మీద మేఘాలు కదులుతున్నాయి. రిసెప్షన్లో ఉన్న అమ్మాయి చాక్లెట్లిచ్చి, ప్రపంచ స్థాయి శిక్షణ అంటూ మొదలుపెట్టింది. నాన్న చాక్లెట్ జేబులో వేసుకుని, "విమానం చూపించమ్మా," అన్నాడు.

"వీడియో ఉంది సార్."

"వీడియోలో ఎగురుతారా?"

చివరికి వెనక షెడ్డుకి తీసుకెళ్ళారు. ఒకే ఒక్క విమానం, టైరు నేలకి అంటుకుపోయి ఉంది. నాన్న దాని ముక్కు దగ్గర వంగి, ఇంజనుకి గాలి పోయే కన్నంలో చెయ్యి పెట్టి గుప్పెడు ఎండుగడ్డి లాగాడు. లోపల్నుంచి ఒక పిట్ట తిట్టుకుంటూ బయటికొచ్చింది.

"పాపం, ఇల్లు ఖాళీ చేయించాం," అన్నాడు నాన్న. ఆ రోజు ఆయన నాకు భలే ముద్దొచ్చాడు.

రెండో చోట విమానాలు బాగానే ఉన్నాయి, కాకపోతే రెండే. యాభైమంది విద్యార్థులు తెల్ల యూనిఫాంలు వేసుకుని వరండాలో పేకాడుకుంటున్నారు. నాన్న ఒక గడ్డం విద్యార్థి పక్కన చేరాడు.

"చేరి ఎన్నాళ్ళయింది బాబూ?"

"ఏడాదిన్నర అంకుల్."

"ఎన్ని గంటలు ఎగిరావు?"

"పద్దెనిమిది."

"మరి పేకాట?"

"అందులో ఇక్కడ నేనే ఫస్ట్," అన్నాడతను ముక్కల మీంచి తలెత్తకుండానే.

అసలు చిక్కు మూడో స్కూల్లో వచ్చింది. అక్కడ విమానాలు ఆరు, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. నాన్న విమానం నేర్పే కుర్ర పంతులుగారిని పట్టుకుని, "దీనికి రెండో బ్రేకు ఉంటుందా?" అని అడిగాడు. ఆ యువకుడు నవ్వి, తనకీ శిష్యుడికీ చెరో స్టీరింగు ఉంటుందన్నాడు.

"మరి మీరెప్పుడు పట్టుకుంటారు?"

"అసలు వదిలితే కదా అంకుల్! మొదటి రోజునుంచి చివరి రోజుదాకా నా చేతులు దాని మీదే. మీరు నిశ్చింతగా ఉండండి."

నాన్న మొహం వెలిగిపోయింది. తన కాలికి తమ్ముడు దొరికినట్టు సంబరపడిపోయి, "ఇంక వెతకక్కర్లేదు. ఇక్కడే ఖాయం," అన్నాడు.

"నేను చేరను," అన్నాను.

తిరుగు ప్రయాణంలో కారులో పెద్ద గొడవ. మూడు స్కూళ్ళు తిప్పి, నచ్చింది దొరికితే వద్దంటావా అని ఆయన గుడ్లురిమాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నాకు బ్రేకు వెయ్యడం ఎందుకు రాలేదో తెలుసా నాన్నా? మీ కారులో నేను ఒక్కసారి కూడా వెయ్యలేదు. అన్నీ మీరే వేశారు. ఇప్పుడు వాడి దగ్గర చేరితే విమానం కూడా అలాగే వస్తుంది!"

ఆయన గేరు మార్చి వేగం పెంచాడు. ఇల్లు వచ్చాక మాత్రం, "సరే, ఇంకొక్కటి. అదే ఆఖరు," అన్నాడు. నచ్చకపోతే ఇక అంతేనని నాకు తెలుసు. వారం తర్వాత బయల్దేరాం.

నాలుగో స్కూలుకి అద్దాలూ లేవు, మేఘాలూ లేవు. రేకుల షెడ్డు, దాని ముందు నాలుగు విమానాలు. యాభై దాటిన ఒక పంతులమ్మ గుడ్డముక్కతో ఇంజను ఆయిలు చూసే పుల్ల తుడుస్తోంది. నాన్న టైర్లు నొక్కాడు, ఆయిలు వాసన చూశాడు, ఇంజను కన్నంలో చెయ్యి కూడా పెట్టాడు. వంక దొరకలేదు. అప్పుడు అదే ప్రశ్న వేశాడు.

"మీరెప్పుడు పట్టుకుంటారు మేడం?"

"ఆలస్యంగా."

నాన్న ఉలిక్కిపడ్డాడు. "ఎంత ఆలస్యంగా?"

"తప్పు చెయ్యనిస్తా. ఆ తప్పు తనే చూసుకోవాలి, తనే దిద్దుకోవాలి. అప్పటికీ దిద్దుకోకపోతే పట్టుకుంటా. ముందే పట్టుకుంటే నడిపింది నేనవుతాను, తను కాదు. నమ్మకం లేకపోతే ఎక్కి చూడండి."

నన్ను ముందు తన పక్కనా, నాన్నని వెనకా కూర్చోబెట్టింది. విమానాన్ని తనే పైకి లేపింది. ఎత్తు సరిపోయాక, హెడ్‌ఫోన్లలో "ఇక నీదే," అని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

కాసేపు బాగానే సాగింది. తర్వాత ఎడమ రెక్క మెల్లగా వాలింది. నేను ఎదురుచూశాను. ఇంకాస్త వాలింది. ఇంకా ఎదురుచూశాను. కిటికీలో ఆకాశం తగ్గిపోయి పొలాలు పెరిగిపోయాయి.

"పట్టుకోండి మేడం!" వెనకనుంచి నాన్న కేక. నా సీటుకి దబదబా తన్నులు తగులుతున్నాయి. ఆయన కాలు అక్కడ లేని బ్రేకు కోసం వెతుకుతోంది.

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "నన్నడుగుతారేంటి? నడిపేది మీ అమ్మాయి," అంది.

ఎవరూ పట్టుకోరని నాకప్పుడు తెలిసింది. కుడివైపు తిప్పాను. ఎక్కువైంది, ఆ రెక్క వాలింది. కొంచెం వెనక్కి తిప్పాను. రెండు రెక్కలూ సమంగా నిలబడ్డాయి. నా తప్పుని నేను దిద్దుకోవడం అదే మొదలు. ఏడుపొచ్చేంత ఆనందమేసింది. తన్నులు ఎప్పుడు ఆగిపోయాయో గమనించనే లేదు.

దిగాక నాన్న కొంతసేపు రెక్క పట్టుకుని నిలబడ్డాడు. ఆఫీసు గదిలో రెండు గ్లాసుల నీళ్ళు తాగాక నావైపు తిరిగాడు.

"ఆ రెండు పరీక్షలూ తప్పింది నువ్వు కాదమ్మా. నేను."

ఆయన పంతులమ్మతో, "చేర్చుకోండి," అన్నాడు.

"చేర్చుకుంటా. కానీ నాదీ ఒక షరతు. తను ఒంటరిగా ఎగిరే రోజుదాకా మీరు ఈ ఛాయలకి రాకూడదు."

"మరి నేనేం చెయ్యాలి?"

"ఇంట్లో కూర్చుని భయపడండి. ఇక్కడ మాకు అంత తీరిక ఉండదు."

ఫారం మాత్రం తనే నింపుతానని నాన్న పట్టుబట్టాడు. ఆవిడ అది తీసుకుని చదివింది. అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్నచోట మూడు గళ్ళున్నాయి.

"మూడింట్లోనూ మీ నంబరే రాశారు. ఒకదాంట్లో మీ ఆవిడది రాయండి."

"వద్దండీ, తను కంగారుపడుతుంది," అన్నాడు నాన్న, ఎంతకీ పెన్నుకి మూత పెట్టలేక రెండూ నా చేతికిచ్చేస్తూ.